కెంటు సీమలో ఒక దినము

ఇంగ్లండును చూడబోవువారిలో పలువురు లండను నగరముతోనే తృప్తి చెంది మరలుదురు. ఆ నగరమునకు ఆగ్నేయముగా కెంటు సీమలో రోచెస్టరు, కాంటర్‌బరీ అను రెండు ప్రాచీన పట్టణములు కలవు. రైలులో పోయి రెండింటిని ఒకే దినమున చూచి రావచ్చును. మేమట్లే చూచితిమి. పరభాషా ప్రాంతములందు తరతరములుగా నివసించు మనవంటి కుటుంబములకు అచ్చట ఆలోచింపదగిన విషయమొకటి కానవచ్చుటచే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఉదయమున చేరినది రోచెస్టరు. మెడ్వే నదీ తీరమున గల కోట ఆ పట్టణమునకు శిరోభూషణము. 1127లో మొదటి హెన్రీ రాజు ఈ కోటను కాంటర్‌బరీ ఆర్చిబిషప్పున కప్పగింపగా, ఆయన నూరడుగులకు మించిన ఎత్తుగల రాతి బురుజును కట్టించెను. 1215లో తిరుగుబాటుదారులు ఈ కోటను ఆక్రమింపగా జాన్ రాజు ముట్టడించెను. బురుజు మూల క్రింద సొరంగము త్రవ్వించి, దానికి నిలిపిన కఱ్ఱలను 40 పందుల క్రొవ్వుతో కాల్పించెను. మూల కూలిపోయెను. పిమ్మట దానిని గుండ్రముగా పునర్నిర్మించిరి. నేటికిని మూడు మూలలు చదరముగను, నాలుగవది గుండ్రముగను ఉండును. చరిత్ర నెఱుగని బాలుడైనను ఆ భేదమును గుర్తించి కారణమడుగును.

కోట దిగి పెద్ద వీధిలో నడచునపుడు ఫ్రెంచి ఆసుపత్రి అను సంస్థ కనబడును. ఇంగ్లీషు పట్టణమున ఫ్రెంచి పేరేల? ఫ్రాన్సు దేశపు ప్రొటెస్టెంటులకు హ్యూగెనాట్లని పేరు. వారికి 1598లో లభించిన మతస్వాతంత్ర్యమును 1685లో పదునాలుగవ లూయీ రాజు రద్దు చేసెను. అంతట వేలకొలది కుటుంబములు ఇంగ్లండునకు వలస వచ్చెను. వారిలోని పేదల కొఱకు 1718లో లండనులో ఈ సంస్థ వెలసి, ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున రోచెస్టరునకు తరలినది. పేరు ఆసుపత్రియే గాని, నేడది ఆ వంశీయులగు వృద్ధులకు నివాసము. వారి చరిత్రను దెలుపు ప్రదర్శనశాలయు 2015లో ఇచ్చట తెఱువబడినది.

మధ్యాహ్నము కాంటర్‌బరీ చేరితిమి. 597లో రోమునుండి వచ్చిన అగస్టీను ఇచ్చటి రాజును క్రైస్తవమతమున చేర్చెను. అంతకు పూర్వమే ఆ రాజు భార్య బెర్తా, ఫ్రాంకుల ఆడపడుచు, పుట్టింటి మతమును విడువక సెయింటు మార్టిను గుడిలో ప్రార్థించుకొనుచుండెను. ఆ గుడి నేటికిని నిలిచియున్నది. 1170 డిసెంబరు 29వ తేదీన ఆర్చిబిషప్పు థామస్ బెకెట్టు హతుడైన స్థలము పట్టణమందలి ప్రధానాలయములో కలదు.

అయినను మా మనస్సును నిలిపినది ఆ ఆలయపు నేలమాళిగ. 1575 ప్రాంతమున, హ్యూగెనాట్ల పెద్దవలసకు శతాబ్దము ముందే, వాలూనులను ఫ్రెంచి మాట్లాడు ప్రొటెస్టెంటులు స్పెయిను ప్రభుత్వపు హింసకు తాళలేక ఈ పట్టణమున ఆశ్రయము పొందిరి. వారిలో పెక్కుమంది నేతగాండ్రు. మగ్గముల చప్పుడుతో వీధులు కళకళలాడెను. ప్రార్థనకై వారికి నేలమాళిగలో చోటిచ్చిరి. 1895 నుండి అందలి ఒక చిన్న మందిరము వారి స్థానమైనది. ఆ మందిరమును స్థాపించినవాడు 1356లో ప్వాతియే యుద్ధమున ఫ్రెంచి రాజును బందీగా పట్టిన ఎడ్వర్డు యువరాజు! ఫ్రెంచివారిని గెలిచినవాని మందిరముననే ఫ్రెంచి ప్రార్థన నిలిచినది.

నాలుగు శతాబ్దములకు పైగా ఆ ప్రార్థన సాగుచున్నది. కాని ఆ నేతగాండ్ర సంతతి ఇండ్లలో ఫ్రెంచి మాట వినబడదు. కాలక్రమమున వృత్తులు మారెను, ఇంగ్లీషువారితో వియ్యములు కలిసెను, ఇంటిపేర్లు సైతము ఇంగ్లీషు రూపము దాల్చెను. గుడి నిలిచెను, ధర్మసంస్థ నిలిచెను, వంశస్మృతి నిలిచెను. ఇంటి భాష మాత్రము జారిపోయెను.

మగ్గము వెంటబెట్టుకొని షోలాపురము చేరిన పద్మశాలీలకు ఈ కథ పరాయిది కాదు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండియు తెలుగును విడువని యానాము వారికిని కాదు. సంఘభవనములు కట్టుకొనుట, సంచికలు వేయుట, పండుగలకు కూడుట అవసరమే. కెంటు సీమలో స్మృతిని కాపాడినవి అట్టి సంస్థలే. అయితే భాషకు అసలు నెలవు భవనము కాదు, ఇల్లు. అన్నమునకు బిడ్డను తల్లి ఏ మాటతో పిలుచుచున్నదో, తాత మనుమని ఏ భాషలో మందలించుచున్నాడో, అచ్చటనే మన భాష ఆయువు నిర్ణయింపబడుచున్నది.