కదలని బతుకు

ఫొటో ఉండనే ఉంది కదా, మళ్ళీ దాన్ని చూసి అచ్చుగుద్దినట్టు పెన్సిలుతో గీయడం ఎందుకు? ఫొటోను పోలిన చిత్రాల ప్రదర్శన ఎక్కడ జరిగినా ఈ ప్రశ్న వినబడుతుంది. జవాబు చరిత్రలో ఉందని నా అభిప్రాయం.

పళ్ళు, పూలు, పాత్రలు బల్లమీద అమర్చి చిత్రించడాన్ని ఆంగ్లేయులు ‘స్టిల్ లైఫ్’ అన్నారు, అంటే కదలని బతుకు. ఫ్రెంచివారు ‘నాతూర్ మోర్త్’ అన్నారు, అంటే చచ్చిన ప్రకృతి. ఒకే కళకు ఒకరు బతుకనీ, మరొకరు చావనీ పేరు పెట్టడం నాకు వింతగా తోస్తుంది.

ఫొటోగ్రఫీ కూడా తొలి అడుగులు ఈ కదలని వస్తువులతోనే వేసింది. 1837లో పారిస్‌లో లూయీ డగేర్ కిటికీ పక్కన ప్లాస్టరు బొమ్మలు అమర్చి, వెండిపూత రేకుమీద వాటి రూపాన్ని నిలిపారు. అభిరుచితోపాటు అవసరం కూడా అందుకు కారణం. రేకుమీద రూపం పడాలంటే నిమిషాల తరబడి వెలుగు సోకాలి. మరుసటి ఏడు ఆయన ఒక వీధిని చిత్రిస్తే, కదిలే జనమూ బండ్లూ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ మనిషి మిగిలాడు. నిలిచినవాడికే చిత్రంలో చోటు!

ఈనాటి కెమెరాకు ఆ నిబంధన లేదు. ఓరీ గెర్ష్ట్ 2007లో, ఫ్రెంచి చిత్రకారుడు ఫాంతా లతూర్ పూల చిత్రాలను తలపించే పూలగుత్తులను అమర్చి, ద్రవ నత్రజనితో గడ్డకట్టించి, పేల్చి, రేకులు చెదిరే క్షణాన్ని ఫొటో తీశారు. 2012లో లండన్ నేషనల్ గ్యాలరీ ఆ ఫొటోను లతూర్ చిత్రం పక్కనే ప్రదర్శించింది.

కెమెరా వదిలేసిన ఆ ఓపిక ఎక్కడికి పోయింది? చేతికి చేరిందంటాను. 1938లో రీగాలో పుట్టి, యుద్ధంవల్ల ఊరు వదిలి, 1948లో అమెరికా చేరిన వియా సెల్మిన్స్ 1964లో తన గదిలోని దీపాన్నీ, హీటరునూ చిత్రించారు. ఆ దశకం చివర్లో, తానే తీసిన సముద్రపు ఫొటోలు చూస్తూ, ఒక్కొక్క అలనూ గ్రాఫైటు పెన్సిలుతో గీశారు. 1977 నుంచి 1982 వరకు పదకొండు రాళ్ళకు కంచుతో నకళ్ళు పోయించి, రాతిమీది ప్రతి మచ్చనూ వాటిమీద రంగులతో దించారు. ‘రూపాన్ని జ్ఞాపకంలో నిలపడానికి’ అని ఆ కృతి పేరు. 2018–20లో శాన్ ఫ్రాన్సిస్కో, టొరాంటో, న్యూయార్క్‌లలో సాగిన ఆమె సింహావలోకన ప్రదర్శనకూ అదే పేరు పెట్టారు.

ఊరు చేజారిన మనిషి చేతికందిన రాయిని అన్నేళ్ళు విడవకుండా చూడడంలో నాకు నా ప్రశ్నకు జవాబు దొరికింది. మీట నొక్కితే రూపం మన దగ్గర ఉంటుంది. దాన్ని చూడడమనే పని మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. గీసే చేయి ఆ పని పూర్తి చేస్తుంది.

అసలు రాయీ, నకలు రాయీ పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఏదో తేల్చడానికి మీరైతే ఎంతసేపు నిలబడతారు?