పీఐకే3సీడీ జన్యువు

పీఐకే3సీడీ మనిషి ఒకటో క్రోమోజోము పొట్టి భుజం మీద ఉండే జన్యువు. పీ110 డెల్టా అనే ఎంజైము తయారీకి కావలసిన సమాచారం ఇందులో ఉంటుంది. 1,044 అమైనో ఆమ్లాల ఈ ఎంజైము కణత్వచంలోని పిప్2 అనే కొవ్వు అణువుకు ఒక ఫాస్ఫేటును చేర్చి పిప్3గా మారుస్తుంది. ఆ పిప్3 దగ్గరికి ఏకేటీ వంటి ప్రొటీన్లు చేరినప్పుడు, బతకమనీ పెరగమనీ కణానికి సంకేతం అందుతుంది. ఈ పని చేసే ఎంజైము ఒకటుందని 1980ల్లో లూయిస్ కాంట్లీ బృందం గుర్తించింది. అందులోని డెల్టా రూపం 1997లో బయటపడింది. ఆల్ఫా రూపం దాదాపు అన్ని కణజాలాల్లోనూ కనిపిస్తే, డెల్టా ఎక్కువగా తెల్ల రక్తకణాలకే పరిమితం. ఔషధ పరిశోధకులను ఆకర్షించింది ఈ పరిమితే. డెల్టాను అడ్డుకుంటే బి-కణాలనే తెల్ల రక్తకణాల క్యాన్సర్లు తగ్గుతాయి, మిగతా శరీరానికి పెద్దగా హాని ఉండదని వారి ఆశ. తర్వాతి చరిత్ర ఆ ఆశలో సగమే నిజమని తేల్చింది.

డెల్టా మీద పనిచేసే తొలి మందు ఐడెలాలిసిబ్‌కు 2014లో అమెరికాలో అనుమతి లభించింది. గడ్డలు కరిగిన మాట నిజమే. అయితే కాలేయం దెబ్బతినడం, పెద్దపేగు వాపు, ప్రాణాంతక అంటువ్యాధులు కూడా వెంట వచ్చాయి. చికిత్స తొలిదశలోనే ఈ మందు ఇచ్చి చూస్తున్న ప్రయోగాలను 2016లో ఆపేశారు. ఈ కథలో హైదరాబాదుకూ చోటుంది. స్వరూప్ వక్కలంక స్థాపించిన రైజెన్ సంస్థ, హైదరాబాదులోని తన అనుబంధ సంస్థ ఇంకోజెన్‌తో కలిసి అంబ్రాలిసిబ్‌ను కనుగొంది. టీజీ థెరప్యూటిక్స్ దాన్ని అభివృద్ధి చేసింది. రెండు రకాల లింఫోమాలకు 2021 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి వచ్చింది. దీర్ఘకాలిక లుకేమియా రోగులపై జరిగిన ప్రయోగంలో మరణాల ముప్పు పెరగవచ్చన్న సూచనలు కనిపించడంతో 2022లో ఆ అనుమతి రద్దయింది.

తప్పు మందులదే గాని లక్ష్యానిది కాదని కొందరు వాదించవచ్చు. అంబ్రాలిసిబ్‌లో పేగు, కాలేయ సమస్యలు తక్కువగా కనిపించాయి కనుక ఆ వాదనలో కొంత నిజముంది. కానీ జన్యువే ఇచ్చిన సాక్ష్యం అంతకన్నా పాతది. ఈ ఎంజైము పనిచేయకుండా మార్చిన ఎలుకల్లో రోగనిరోధక స్పందన కుంటుపడిందనీ, పేగు వాపు వచ్చిందనీ 2002లోనే తెలిసింది. రోగనిరోధక వ్యవస్థ శ్రుతి మించకుండా చూసే టి-కణాలకూ డెల్టాయే ఆధారం. కాబట్టి ఏ మందుతో డెల్టా నోరు నొక్కినా, శత్రువును ఎదిరించే శక్తీ సొంత ఒంటిని కాచుకునే సంయమనమూ రెండూ సన్నగిల్లే ప్రమాదం ఉంటుంది.

అలాగని డెల్టాను వదిలేయాలనడం కూడా సరికాదు. ఈ జన్యువులో ఒక్క అక్షరం మారి ఎంజైము అతిగా పనిచేస్తే పిల్లలకు ఊపిరితిత్తుల అంటువ్యాధులు పదేపదే వస్తాయని, లింఫు గ్రంథులు వాచిపోతాయని 2013లో వెల్లడైంది. ఆ వ్యాధికి లెనియోలిసిబ్ అనే డెల్టా నిరోధకాన్ని అమెరికా 2023లో అనుమతించింది. అక్కడ మందు చేసేది అతిని అదుపులోకి తేవడం. క్యాన్సర్ చికిత్సలోనైతే జబ్బు కణాలతో పాటు ఆరోగ్యమైన కణాల్లోని ఎంజైము కూడా అణగిపోతుంది. అందువల్ల డెల్టా మందులను గడ్డ ఎంత తగ్గిందన్నదానితో కాక, రోగి ఎంతకాలం బతికాడన్నదానితోనే తూచాలి.