రాజీ వాళ్లది, వెట్టి మనది

అమెరికా అంతర్యుద్ధం పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు ఒకే ప్రశ్న వేస్తారు: "బానిసత్వం తప్పని తెలిసీ అన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారు?" ఊరుకోలేదు, రాజీ పడ్డారు. 1820లో ఒకసారి, 1850లో మరోసారి ఉత్తరాది, దక్షిణాది నాయకులు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందాల్లో బానిసను అడిగినవాడు లేడు. చివరికి 1861లో యుద్ధమే వచ్చింది.

ఇలాంటి రాజీ మన విశాఖ కొండల్లోనూ జరిగింది.

1839లో 24వ చట్టం తెచ్చి కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించారు. విశాఖపట్నం కలెక్టరునే ఏజెంటుగా పెట్టి సర్వాధికారాలూ ఇచ్చారు. 1843లో 5వ చట్టం వచ్చింది. మనిషిని బానిసగా సొంతం చేసుకునే హక్కును ఇక ఏ కోర్టూ ఒప్పుకోదని అది చెప్పింది. కానీ కొండమీద దొరతనం ముఠాదారుల చేతిలోనే ఉంది. వాళ్లు కట్టుబడి చెల్లించి, ఊళ్లను అదుపులో ఉంచితే చాలు, సర్కారు కళ్లు మూసుకునేది. ఈ రాజీకి మూల్యం మన తాతలు చెల్లించారు. అధికారి వస్తే సామాను మోయాలి. దొర పొలంలో ఊరికే దున్నాలి. అప్పు తీరేదాకా షావుకారు దగ్గర పడి ఉండాలి. జయపురం వైపు ఆ అప్పు బానిసత్వాన్నే గోతీ అన్నారు.

తర్వాత అడవి చట్టాలు పోడును బిగించాయి, ముఠాదారుల పెత్తనమూ తగ్గింది. రాజీ రెండు వైపులా తెగింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా రోడ్డు పని చేయించాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు వెనుక నిలిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడి జరిగింది. గాం గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు అందులో ముందున్నారు. 1924లో రాజు, గంటందొర ఇద్దరూ ప్రాణాలిచ్చారు. చెరసాల అనుభవించిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకు గెలిచాడు.

మద్రాసు ఏజెన్సీలో అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ నిబంధన వచ్చింది 1940లో. 1843 నుంచి లెక్కేస్తే 97 ఏళ్లు! దేశమంతటికీ వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం పేర్కొన్న పద్ధతుల్లో మనకు తెలిసిన వెట్టి, పాలేరు కూడా ఉన్నాయి.

ఇదంతా పాత కథ అనుకోవద్దు. ఇవాళ మన పిల్లలు కొండ దిగి విశాఖలో పనులకు వస్తున్నారు. మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టే అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది కూడా వెట్టే. ఆ అప్పు చెల్లదని చట్టమే చెబుతోంది. విడిపించాల్సిన బాధ్యత కలెక్టరుది. ఈ మాట ప్రతి బడిలో చెప్పాలి. మన ఊరి ముసలివాళ్లను వెట్టి గురించి అడిగి రాసుకోవాలి. మనల్ని అడగకుండా మన పేరున ఇంకెవరూ రాజీ పడకూడదు.