ది లెజెండ్ ఆఫ్ జెల్డా

క్యోటోకు చెందిన నింటెండో సంస్థ 1986 ఫిబ్రవరి 21న జపాన్‌లో విడుదల చేసిన సాహస వీడియో గేమ్. షిగెరు మియామోతో, తకాషి తెజుకా దీని రూపకర్తలు; సంగీతం కోజి కొందోది. గానన్ అనే దుష్టుడు చెరపట్టిన రాకుమారి జెల్డాను లింక్ అనే కుర్రవాడు విడిపించడమే కథ. కథగా చూస్తే ఏ జానపదంలోనైనా కనిపించేదే. ఈ ఆట గొప్పతనం దారి చెప్పకపోవడంలో ఉంది.

ఆట మొదలయ్యేసరికి లింక్ దగ్గర చిన్న డాలు తప్ప ఏమీ ఉండదు. మూడు వైపులా దారులు, కొండలో నల్లగా ఒక గుహ. అందులోకి వెళితే రెండు మంటల నడుమ నిలబడిన ముసలాయన కత్తి ఇస్తాడు. చూసుకోకుండా ముందుకు సాగిపోతే కత్తి లేనట్టే. తొలి నమూనాలో కత్తి మొదటినుంచీ చేతిలోనే ఉండేది. ఆడి చూసినవాళ్లు ఎటు వెళ్లాలో తెలియడం లేదన్నారు. మియామోతో దారి సులువు చేయలేదు సరికదా, ఆ కత్తి కూడా తీసేశాడు! తెలియనిది పిల్లలు ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలని ఆయన కోరిక.

దారి వెతుక్కునే ఈ ఆట వెనుక ఆయన బాల్యం ఉంది. క్యోటో దగ్గరి సొనొబేలో కొండలూ పొలాలూ పట్టుకు తిరుగుతూ ఒకనాడు గుహ కనిపెట్టాడు. తర్వాత లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఆ భయమూ సంబరమూ 128 తెరల మైదానంలోనూ, 9 నేలమాళిగల్లోనూ ఒదిగాయి.

ఇంత పెద్ద ఆట ఒక్క పూటలో తేలదు. ఫామికామ్ కన్సోల్‌కు కొత్తగా వచ్చిన డిస్క్ పరికరంలో ఆటను సేవ్ చేసుకునే వీలుండటంతోనే ఇది సాధ్యపడింది. 1987లో అమెరికా వెళ్లిన బంగారు రంగు కార్ట్రిడ్జ్‌లో ఆ పని చిన్న బ్యాటరీ చేసింది. జపాన్ యంత్రపు రెండో కంట్రోలర్‌లో మైకు ఉండేది. అందులో గట్టిగా అరిస్తే పెద్ద చెవుల శత్రువులు కొందరు చచ్చిపోయేవారు.

పొరపాట్లు కూడా కలిసొచ్చాయి. నేలమాళిగల పటాలు గీసిన తెజుకా, కేటాయించిన చోటులో సగమే వాడాడు. మిగిలిన సగంలో రెండో అన్వేషణ పుట్టింది: ఆట పూర్తిచేసినవారికి అదే లోకం, మారిపోయిన రహస్యాలు. ఆరంభ సంగీతంగా స్వరకర్త రవెల్ రాసిన ‘బొలేరో’ అనుకున్నారు. హక్కుల గడువు ఇంకా తీరలేదని తేలడంతో కొందో ఒక్క రాత్రిలో కొత్త బాణీ కట్టాడు. జెల్డా బాణీ అనగానే నేటికీ గుర్తొచ్చేది అదే.

ఈ ఆట ప్రతులు 65 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. 1998 నాటి ‘ఒకరినా ఆఫ్ టైమ్’ ఈ వరుసను త్రీడీలోకి తెచ్చింది. 2017లో ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ మళ్లీ ఎటైనా వెళ్లగలిగే మైదానానికి వచ్చింది. ఆ విశాలమైన త్రీడీ లోకాన్ని కట్టే ముందు, తమ ఆలోచన పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి నిర్మాతలు 1986 ఆట రూపంలోనే చదునైన టూడీ నమూనా చేసుకుని ఆడి చూశారు.