గుంటూరు గ్రహణం నుంచి గ్యాసు బుగ్గ దాకా

పోయిన ఏడాది జాతరలో బాపు మా చెల్లెకు గ్యాసు బుగ్గ కొనిచ్చాడు. ఇంట్లో దారం వదలగానే అది పైకి పోయి రేకులకు ఆనుకుంది. తెల్లారేసరికి నేల మీద పడి ఉంది. చెల్లె ఒకటే ఏడుపు.

"సాంచాల కాడ దూది నుసి గూడ గాలిలో తేలుతది గదా బాపూ, ఇది గూడ అట్లనేనా?" అని అడిగాను. "మీ సారును అడుగు బిడ్డా" అన్నాడు.

రెండూ ఒకటి కావని సారు చెప్పారు. నుసి గాలి కంటే బరువైనదే. చాలా సన్నగా ఉంటుంది కాబట్టి మెల్లగా కిందికి దిగుతుంది. బుగ్గ సంగతి వేరు. ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. ఒక లీటరు హీలియం 0.2 గ్రాములు కూడా ఉండదు. అంటే ఒక్కో లీటరు హీలియం దాదాపు ఒక గ్రాము బరువును పైకి లేపగలదు. పది లీటర్ల బుగ్గలో రబ్బరు, దారం కలిపి పది గ్రాముల కంటే తక్కువ ఉంటే అది లేస్తుంది. హీలియం పరమాణువులు చాలా చిన్నవి, రబ్బరులోంచి మెల్లగా బయటికి పోతాయి. అందుకే తెల్లారేసరికి పడిపోయింది.

ఈ హీలియంను మొదట ఎక్కడ గుర్తించారు? మా పక్కింటి మరాఠీ అన్న "మన మహారాష్ట్రలోనే, విజయదుర్గ్ కోటలో" అన్నాడు. నేను పుస్తకాలు చూసి "కాదు, మన గుంటూరులో! పియర్ జాన్సెన్ కనిపెట్టాడు" అని గొప్పగా రాసుకుపోయాను. సారు చదివి "మనవాళ్ల ఊరని రాయకు, జరిగింది రాయి" అన్నారు. మళ్లీ చదివాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్‌సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినితో సూర్యుణ్ణి చూశారు. సూర్యుని అంచున లేచే మంటల వెలుగులో మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో ఒకటి పసుపు గీత. అది ఉప్పులో ఉండే సోడియందే అని చాలామంది అనుకున్నారు. గ్రహణం లేకున్నా ఆ గీతలను చూడవచ్చని జాన్సెన్ మరునాడే గుంటూరులో నిరూపించాడు. అదే ఆయన గొప్పతనం.

అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణం లేకుండానే ఆ గీతలు చూశాడు. పసుపు గీత సోడియం గీతల చోట లేదు, కాస్త పక్కన ఉంది. అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ అలాంటి గీత లేదు. సూర్యుణ్ణి గ్రీకులు హీలియోస్ అంటారు. అందుకని కొత్త మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. అక్టోబరు 26న ఇద్దరి ఉత్తరాలూ ఒకేరోజు పారిస్‌లోని సైన్స్ అకాడమీకి చేరాయి. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి హీలియంను బయటికి తీశాడు. అప్పటికి 27 ఏళ్లు గడిచాయి.

మరి విజయదుర్గ్? 1898 జనవరి 22 గ్రహణాన్ని చూడటానికి లాకియర్ అక్కడికి వచ్చిన మాట నిజం. అప్పటికి హీలియం దొరికి మూడేళ్లయింది. కాబట్టి అన్న చెప్పిందీ సగమే, నేను రాసిందీ సగమే. ఈ సంగతి అన్నకు చెబితే నవ్వి ఒప్పుకున్నాడు.

ఒక జాగ్రత్త. బుగ్గలు అమ్మేవాళ్లు కొందరు చవక అని హైడ్రోజన్ నింపుతారు. అదీ తేలుతుంది, కానీ నిప్పు తగిలితే భగ్గుమంటుంది. హీలియం మండదు. చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే ఏ బుగ్గనైనా దీపం, అగరుబత్తి, పొయ్యి దగ్గరికి తీసుకుపోవద్దు.

మా నానమ్మ గ్రహణం నాడు తలుపులు మూసి మమ్మల్ని లోపలే కూర్చోబెట్టేది. ఈసారి గ్రహణం వస్తే సారు చెప్పినట్లు గ్రహణం చూసే కళ్లద్దాలు పెట్టుకుని, నానమ్మను కూడా బయటికి పిలుచుకొస్తాను.