సిలోయము సొరంగం

సిలోయము సొరంగం యెరూషలేము పాత నగరపు ప్రాకారానికి దక్షిణాన, దావీదు పురం అనే గుట్ట కడుపులో తొలిచిన నీటి దారి. గుట్టకు తూర్పు వాలున ఉన్న గిహోను ఊట నీళ్లను దక్షిణపు కొసన ఉన్న సిలోయము కోనేటికి చేరుస్తుంది. పొడవు 533 మీటర్లు. క్రీ.పూ. 8వ శతాబ్ది చివర యూదా రాజు హిజ్కియా దీన్ని తొలిపించాడని ఎక్కువమంది పండితులు భావిస్తారు. అందుకే హిజ్కియా సొరంగం అనే పేరూ ఉంది. రాజుల రెండవ గ్రంథం 20వ అధ్యాయంలోనూ, దినవృత్తాంతముల రెండవ గ్రంథం 32వ అధ్యాయంలోనూ ఈ పని ప్రస్తావన కనిపిస్తుంది.

ఆనాటి యెరూషలేముకు ఏడాది పొడవునా నీళ్లిచ్చిన ఊట గిహోను ఒక్కటే. ఊటగెడ్డలా ఒకే తీరున పారదు; కాసేపు పొంగి కాసేపు తగ్గుతుంది. అది లోయ అంచున, శత్రువు చేతికి అందేంత దగ్గరగా ఉంది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తి లాకీషును పడగొట్టాడు. హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని తన శాసనంలో చెప్పుకున్నాడు గాని, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం రాసుకోలేదు. నీళ్లు ఊరి లోపలికి మళ్లడం ఆ ముట్టడిని తట్టుకోవడానికి చాలా అక్కరకొచ్చి ఉండాలి.

పనివారు రెండు జట్లుగా చీలి, చెరో కొస నుంచి సున్నపురాయిని తొలుచుకుంటూ వచ్చారు. రెండు కొసలకూ నడుమ నేరుగా సుమారు 320 మీటర్లే దూరం. సొరంగం మాత్రం పాములా మెలికలు తిరుగుతుంది. రాతిలో సహజంగా ఉన్న పగులును పట్టుకుని పోయారని కొందరంటారు. పైనుంచి రాతి మీద సుత్తితో కొడితే ఆ చప్పుడే కిందివారికి దారి చూపిందని మరికొందరి వాదన. ఇంత వంకరలోనూ మొదటికీ చివరికీ మధ్య వాలు సుమారు 30 సెంటీమీటర్లే. నీళ్లు నెమ్మదిగా, ఆగకుండా పారడానికి అది చాలింది. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ గుహలను చూసినవారికి రాతిని తొలిచిన పని కొత్త కాదు. అయితే ఆ గుహలు బయటి వెలుగుకు తెరుచుకుంటాయి. ఇక్కడ పనివారికి ఆధారం చేతిలోని దివ్వె ఒక్కటే.

గోడలను దగ్గరగా చూస్తే ఉలి గాట్లు ఈనాటికీ కనిపిస్తాయి. ఉత్తరం నుంచి వచ్చిన జట్టు గాట్లు ఒక వైపుకు వాలి ఉంటాయి, దక్షిణపు జట్టువి ఎదురు వైపుకు. అవి కలిసే చోటికి ముందు, కొంత తొలిచి వదిలేసిన తప్పుదారులున్నాయి. ఆ చీకట్లో ఒకరినొకరు ఎంత వెతుక్కున్నారో ఆ తప్పుదారులే చెబుతాయి.

ఆ కలయికను పనివారి తరఫున రాసిపెట్టిన శాసనం 1880లో దొరికింది. సిలోయము కొసకు దగ్గర్లో, సొరంగంలో దిగిన ఒక బడిపిల్లవాడి కంటపడింది. ప్రాచీన హెబ్రీ లిపిలో ఆరు పంక్తులు. ఇంకా మూడు మూరల రాయి మిగిలి ఉండగా అవతలి మనిషి పిలుపు వినబడిందనీ, ఇరువైపుల వారూ ఎదురెదురుగా రాయిని కొట్టారనీ, నీళ్లు 1200 మూరల దూరం పారాయనీ దాని సారాంశం. రాజు పేరు అందులో లేదు. రాజుల గొప్పలు చెప్పే రాళ్లు ప్రాచీన ప్రపంచంలో లెక్కలేనన్ని. కూలివాళ్లు ఒకరి గొంతు ఒకరు విన్న క్షణాన్ని దాచిన రాయి బహు అరుదు. ఈ స్థలంలో అన్నిటికన్నా విలువైనది అదే. ఆ తర్వాత దొంగలు శాసనాన్ని గోడ నుంచి తొలిచి తీయబోతే పగిలింది. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది.

ఆధునిక కాలంలో సొరంగాన్ని మొదట పరిశీలించినవాడు ఎడ్వర్డ్ రాబిన్సన్, 1838లో. 1867లో చార్లెస్ వారెన్ వచ్చాడు. 2003లో గారలోని మొక్కల అవశేషాలనూ సున్నపు పేరుడునూ పరీక్షించి, కాలం క్రీ.పూ. 700 ప్రాంతమని తేల్చారు. తవ్వకాలు జరిపిన రోనీ రైఖ్, ఎలీ షుక్రోన్ మాత్రం ఇంకా ముందుదని వాదించారు. స్థలం తూర్పు యెరూషలేములోని సిల్వాన్ అనే పాలస్తీనీయుల పేటలో ఉంది. ఇళ్ల కింద తవ్వకాలు, భూమి హక్కులు అక్కడ తీరని తగువు. చూడబోయేవారు ఆ సంగతి తెలుసుకుని వెళ్లాలి.

తెలుగువారికి సిలోయము పేరు చిరపరిచితం. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు క్రాన్, దే గ్రాంజెస్ అక్కడే బైబిలు తెలుగు అనువాదం మొదలుపెట్టారు. నేటి తెలుగు బైబిలులో యోహాను సువార్త 9వ అధ్యాయపు పుట్టుగుడ్డివాడు కళ్లు కడుక్కున్నది సిలోయము అనే కోనేటిలోనే. గుడి ముందు కోనేరు ఎరిగిన పాఠకుడికి ఆ ఒక్క మాటతో మెట్లూ నీళ్లూ కళ్లకు కడతాయి. యెరూషలేము యాత్రకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్థిక సాయం ఇస్తుంది. 2019లో, ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న వారికి దాన్ని 40,000 నుంచి 60,000 రూపాయలకు పెంచారు.

సొరంగం దాటడానికి ముప్పావు గంట చాలు. కొన్నిచోట్ల తొడల దాకా నీళ్లు, తర్వాత మోకాళ్లలోపే. టార్చి తప్పనిసరి, పొడవైనవారు తల వంచక తప్పదు. బయటికి వచ్చేది స్తంభాల మొండేలున్న ఒక చిన్న మడుగులోకి. 5వ శతాబ్దిలో దాని దగ్గర చర్చి కట్టారు. తరతరాల యాత్రికులు ఇదే సిలోయము అనుకున్నారు. అసలు కోనేరు మెట్లు 2004లో మురుగునీటి గొట్టం పనుల్లో బయటపడ్డాయి. ఆ మెట్లు మడుగు నుంచి కొద్ది దూరం కిందికి దిగితే వస్తాయి.