మాంట్రియల్ ఒప్పందం ఎలా పుట్టింది?

ఇంజనీరింగ్ చదివిన వీరభద్రన్ రామనాథన్ 1960ల్లో సికింద్రాబాద్‌లోని ఓ రిఫ్రిజిరేటర్ల కంపెనీలో చేరారు. ఫ్రిజ్‌లోని గ్యాసు ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం ఆయన పని. ఆ గ్యాసు క్లోరోఫ్లోరోకార్బన్, పొట్టిగా సీఎఫ్‌సీ. 1928లో అమెరికాలో థామస్ మిజ్లీ బృందం తయారుచేసింది. మంటంటుకోదు, విషం కాదు. ఫ్రిజ్‌లకూ స్ప్రే డబ్బాలకూ ఇంతకన్నా మంచిది దొరకదనుకున్నారు.

గాల్లో కలిసిన ఈ గ్యాసు చివరికి ఏమవుతుంది? 1974లో మారియో మొలినా, షెర్వుడ్ రోలండ్ జవాబు లెక్కగట్టారు. నేల దగ్గర దేనితోనూ కలవని సీఎఫ్‌సీ మెల్లగా స్ట్రాటోస్ఫియర్‌కు చేరుతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతుంది. ఆ కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్‌ను ఈ క్లోరిన్ హరిస్తుంది. మరుసటి ఏడాది, అప్పటికి అమెరికాలో ఉన్న రామనాథన్ ఇంకో ప్రమాదం చూపారు: వేడిని పట్టి ఉంచడంలో ఒక్కో సీఎఫ్‌సీ అణువు సుమారు 10,000 కార్బన్ డయాక్సైడ్ అణువులకు సాటి.

పరిశ్రమ రుజువులడిగింది. అయినా అమెరికా 1978లోనే చాలా స్ప్రే డబ్బాల్లో సీఎఫ్‌సీలను నిషేధించింది. 1985 మార్చిలో దేశాలు వియన్నాలో ఒప్పందం చేసుకున్నాయి, ఎంత తగ్గించాలో మాత్రం రాసుకోలేదు. మేలో బ్రిటన్ శాస్త్రవేత్త జో ఫార్మన్ బృందం అంటార్కిటికా మీద ఓజోన్ దారుణంగా పడిపోతోందని ప్రకటించింది. ఇక తాత్సారానికి తావులేదు.

1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో సంతకాలయ్యాయి. శతాబ్దం ముగిసేలోగా సీఎఫ్‌సీలను సగానికి తగ్గించాలన్నారు. నిజానికి ఆ లక్ష్యం చాలదు. ఒప్పందాన్ని నిలబెట్టింది అందులోని మరో నిబంధన: కనీసం నాలుగేళ్లకోసారి శాస్త్రవేత్తల అంచనాలు ముందుపెట్టుకుని లక్ష్యాలు సమీక్షించాలి. తెలిసినదాన్ని బట్టి చట్టం మారాలని చట్టంలోనే రాసుకోవడం గొప్ప ముందుచూపు.

దాని ఫలితం మూడేళ్లకే కనిపించింది. 1990లో లండన్‌లో పూర్తి నిషేధానికి ఒప్పుకున్నారు. ధనిక దేశాలు చేసిన నష్టానికి తామెందుకు ఖర్చు భరించాలని భారత్, చైనా నిలదీయడంతో ప్రత్యేక నిధి కూడా ఏర్పడింది. భారత్ 1992లో చేరింది.

సీఎఫ్‌సీల స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్లు (హెచ్‌ఎఫ్‌సీలు) ఓజోన్‌ను ముట్టుకోవు, భూమిని మాత్రం వేడెక్కిస్తాయి. 2016లో కిగాలీలో వాటినీ ఒప్పందంలోకి తెచ్చారు. రామనాథన్ హెచ్చరించిన 41 ఏళ్లకు! ఇంత ఆలస్యం కాకూడనిది. భారత్ 2028లో హెచ్‌ఎఫ్‌సీ వాడకానికి పరిమితి పెట్టి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. పాత ఏసీలోని గ్యాసును గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టే పనిముట్లు, శిక్షణ ప్రతి ఊరి మెకానిక్‌కూ అందాల్సింది ఈలోపే.